ఇంటి గాలిసందులు: మూయదగినవి, మూయరానివి

కోఠి ప్రాంతానికి ఆ పేరు ఒక ఇంటివల్ల వచ్చింది. ఉర్దూలో కోఠీ అంటే పెద్ద భవనం. నిజాం దర్బారులో బ్రిటిషు రెసిడెంటుగా ఉండిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, మూసీనదికి ఉత్తరపు వైపున కట్టించిన రెసిడెన్సీ భవనమే ఆ కోఠీ. 1949 నుండి అది మహిళా కళాశాలకు నిలయమైంది. నేడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది. దానిని చూడబోయినవారు స్తంభాలను, మెట్లను, దర్బారు హాలు అలంకారాలను చూచి వస్తారు. మేము దానిని మరొక దృష్టితో చూడమని పాఠకులను కోరుతున్నాము. ఉత్తరముఖంగా తెరచిన ఎత్తైన వసారా, రెండంతస్తుల ఎత్తుకు లేచిన హాలు, దళసరి గోడలు, ఇవన్నీ వైభవం కోసం మాత్రమే కట్టినవి కావు. విద్యుత్తు లేని కాలంలో దక్కన్ ఎండలను ఓర్చుకొనడానికి గాలినీ నీడనూ ఏర్పాటు చేసుకున్న పద్ధతి కూడా అందులో ఉన్నది.

అంత పెద్ద ఉదాహరణ అక్కరలేదనుకుంటే, సుల్తాన్‌బజారు, బడీచౌడీ సందుగొందులలో ఇంకా మిగిలి ఉన్న పాత ఇండ్లను చూడవచ్చు. అడుగున్నర మందాన డంగుసున్నపు గోడలు, నడుమ ఆకాశానికి తెరచిన సహన్, గోడపై భాగాన, కప్పుకు కాస్త దిగువగా, రోషన్‌దాన్ అనబడే చిన్న గవాక్షాలు, వీధివైపున జాలీ. జాలీగుండా గాలి లోపలికి వస్తుంది, దారినపోయేవాడి చూపు రాదు. పర్దా పాటించే కుటుంబాలకు ఇది ఎంతటి సౌకర్యమో చెప్పనక్కరలేదు. తలుపు కింద గడప ఉండేది. గడప అనగానే మనకు పసుపూ కుంకుమా, ముగ్గూ స్ఫురిస్తాయి. ఉర్దూ ఇండ్లలో దాని పేరు దెహ్‌లీజ్, దానికీ అంతే మర్యాద. కానీ అది చేసే పని చాలా లౌకికమైనది. తలుపు మూసినప్పుడు రెక్క అడుగు అంచు గడపకు ఆని ఆగుతుంది. దుమ్ము, తేలు, వానజల్లు, వడగాలి లోపలికి రాకుండా అది అడ్డు. తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగించండని నేడు పుస్తకాలు చెప్పే పనిని మన వడ్రంగులు కొయ్యతో ఎన్నడో చేసిపెట్టారు.

ఈ విషయాన్ని ఇప్పుడు ఎత్తుకొనడానికి కారణం ఉన్నది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో పాత ఇండ్ల స్థానే అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో పడకగదులకు గడపలు లేవు. గచ్చు నునుపుగా ఒక గదినుండి మరొక గదికి సాగిపోతుంది. తలుపు అడుగున అరంగుళం సందు ఉంటుంది. అదే గదిలో ఏ.సి. పెట్టుకుంటున్నాము. ఎండాకాలపు విద్యుత్ బిల్లు చూచి ఆందోళన చెందని గృహస్థు లేడు. అప్పుడెవరో, పాశ్చాత్య దేశాల సలహాలు చదివినవారు, ఇంటి సందులన్నీ పూడ్చివేయండని చెబుతారు. ఆ సలహాలో కొంత మనకు పనికి వస్తుంది, కొంత అపాయకరం. ఏది ఏదో తేల్చుకొనడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

ఆ సలహా పుట్టిన చోటు చలిదేశాలు. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు, ఇండ్లను వెచ్చగా ఉంచడానికి చమురును కాల్చే అమెరికా, ఐరోపా దేశాలవారు ఒక్కసారిగా తమ తలుపుల వైపు, కిటికీల వైపు చూచుకున్నారు. డబ్బుపెట్టి వేడిచేసిన గాలి సందులగుండా బయటికి పోతున్నదని గ్రహించి, పట్టీలతో, మైనాలతో బిగించారు. కార్యాలయ భవనాలలోనైతే బయటిగాలిని తెచ్చే యంత్రాల వేగాన్ని కూడా తగ్గించారు. గాలిమార్పిడికి అమెరికా ఇంజనీర్ల సంఘం నిర్ణయించిన కనీస ప్రమాణం 1981లో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులకు దిగింది. తలనొప్పులు, కండ్లమంటలు, ఊపిరాడని బాధలు ఎక్కువయ్యాక, 1989లో దానినే 15కు పెంచవలసి వచ్చింది. గాలిని బిగించడంలో ఒక హద్దు ఉన్నదని వారు మూల్యం చెల్లించి తెలుసుకున్నారు.

మన సంగతి వేరు. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు. అత్యధికం 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలు. చలి నుండి కాపాడుకోవలసిన రోజులు మనకు ఏడాదిలో వ్రేళ్ళపై లెక్కించదగినన్ని. ఎండ నుండి కాపాడుకోవలసినవి నెలల తరబడి. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో అధికులు ఎండలో పనిచేసే బీదలు, వృద్ధులు. కనుక ఇల్లు చల్లగా ఉండడమన్నది సుఖానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. పై అంతస్తులో, రేకులకిందో, కాంక్రీటు కప్పుకిందో మధ్యాహ్నమంతా పడి ఉండే వృద్ధురాలికి అది ప్రాణానికి సంబంధించినది.

గాలి సందులలోనుండి ఎందుకు కదులుతుందో మొదట చూద్దాం. వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. పాఠశాలలో అందరమూ చదువుకున్నదే. చలిదేశపు ఇంటిలో లోపలిగాలి వెచ్చన కనుక అది పైకి లేచి, కప్పు దగ్గరి సందులలోనుండి బయటికి పోతుంది. దాని స్థానంలో తలుపుకిందినుండి చలిగాలి లోపలికి దూరుతుంది. ఏ.సి. నడిచే మన గదిలో ఇదంతా తలక్రిందులు. లోపలి చల్లగాలి బరువుగా క్రిందికి దిగి, నీరు పారినట్లు, తలుపు అడుగు సందులోనుండి హాలులోకి పారిపోతుంది. ఆ లోటు తీర్చడానికి వెంటిలేటరు రంధ్రాల నుండి, కిటికీ పై అంచు నుండి వేడిగాలి లోపలికి వస్తుంది. కనుక క్రింది సందూ పై సందూ ఒకదానికొకటి తోడు. ఒకదానిని మూస్తే రెండవదాని పని సగం పడిపోతుంది.

దీనిని కంటితో చూడవచ్చు. మే నెల మధ్యాహ్నం ఏ.సి. అరగంట నడిచాక, పంకా ఆపి, ఒక అగరువత్తి వెలిగించి తలుపు అడుగున పట్టుకోవాలి. పొగ హాలువైపుకు వంగుతుంది. అదే వత్తిని కిటికీ పైభాగాన, లేదా స్నానాలగది వెంటిలేటరు దగ్గర పట్టుకుంటే పొగ గదిలోకి వంగుతుంది. పరదాలకు దూరంగా పట్టుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. రాత్రివేళ మరొక పరీక్ష ఉన్నది: ఒకరు గదిలో దీపమార్పి నిలబడగా, ఇంకొకరు తలుపు అవతలనుండి టార్చిలైటు అంచుల వెంబడి త్రిప్పాలి. వెలుగు వచ్చిన ప్రతిచోట గాలి కూడా వస్తుంది. సందు ఎంతటిదో అంచనా వేయడంలో మన కండ్లు మోసపోతాయి. మూడడుగుల తలుపు అడుగున అరంగుళం ఖాళీ ఉంటే, అది 18 చదరపు అంగుళాలు. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు గల రంధ్రాన్ని గోడకు పొడిచినట్లు. గోడకు అటువంటి రంధ్రం ఉంటే ఏ ఇల్లాలూ ఒక్క పూట ఊరుకోదు. తలుపుకింద ఉన్నదానిని ఏళ్ళ తరబడి ఎవరూ గమనించరు.

ఇక దీనివల్ల ఎంత విద్యుత్తు పోతున్నదో లెక్క వేద్దాం. పండ్రెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలో 1,200 ఘనపుటడుగుల, అనగా 34 ఘనమీటర్ల గాలి పడుతుంది. దాని బరువు సుమారు 37 కిలోలు. గాలికి అంత బరువు ఉంటుందని చాలామంది నమ్మరు, కాని ఉన్నది. బయట 41 డిగ్రీలు, లోపల 26 డిగ్రీలు అనుకుంటే భేదం 15. కిలో గాలిని ఒక డిగ్రీ చల్లబరచడానికి దాదాపు ఒక కిలోజౌలు వేడిని తొలగించాలి. గదిలోని గాలి గంటకు ఒకమారు పూర్తిగా మారితే తొలగించవలసినది 555 కిలోజౌళ్ళు, అంటే 0.15 యూనిట్ల వేడి. ఏ.సి. ఒక యూనిట్ విద్యుత్తుతో సుమారు మూడు యూనిట్ల వేడిని బయటికి తోడగలదు కనుక, ఖర్చయ్యే విద్యుత్తు 0.05 యూనిట్. సందులు ఎక్కువై గాలి గంటకు మూడుమార్లు మారుతున్నదనుకుందాం. అప్పుడు 0.15 యూనిట్. గంటకు భేదం పదోవంతు యూనిట్. మధ్యాహ్నం నాలుగు గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు. రాత్రివేళ బయట 29 డిగ్రీలే ఉంటే భేదం మూడు డిగ్రీలకు పడిపోతుంది కనుక, ఎనిమిది గంటలు నడిపినా అదనంగా నెలకు ఐదు యూనిట్లకు మించదు.

నెలకు ఒక గదికి పదిహేడు యూనిట్లు. సందులు పూడిస్తే బిల్లు సగమవుతుందని చెప్పేవారి మాట నమ్మదగినది కాదని ఈ లెక్కే చెబుతున్నది. అయినా అది తీసివేయదగిన మొత్తం కూడా కాదు. మన విద్యుత్ ధరలు వాడకం పెరిగేకొద్దీ పెరిగే మెట్లమీద నడుస్తాయి. చివరి మెట్టుమీది యూనిట్లే ఎక్కువ ఖరీదైనవి. 2024లో తెలంగాణలో ప్రారంభమైన గృహజ్యోతి పథకంలో అర్హులైనవారికి నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. హద్దు దాటిన నెలలో అది రాదు. 210 యూనిట్ల దగ్గర ఉన్న చిన్న సంసారానికి పదిహేడు యూనిట్లంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

వానాకాలంలో ఈ లెక్కకు మరొక అంశం చేరుతుంది. బయట ఎండ లేకపోయినా గాలిలో తేమ ఉంటుంది. సందులగుండా వచ్చిన తేమను ఏ.సి. నీరుగా మార్చి గొట్టం ద్వారా బయటికి వదులుతుంది. లీటరు నీటికి సుమారు 0.67 యూనిట్ల వేడిని అది తొలగించవలసి ఉంటుంది. జులైలో ఏ.సి. గొట్టం నుండి బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో చూచుకుంటే, గదిలోకి ఎంత తేమ వస్తున్నదో కొంత అర్థమవుతుంది. కొంత అని ఎందుకంటున్నామంటే, గదిలో పడుకున్నవారి శ్వాస నుండి, చెమట నుండి వచ్చిన తేమ కూడా అందులో ఉంటుంది.

ఇంతవరకు ఏ.సి. గది సంగతి. కూలరు ఉన్న ఇంటికి ఇదంతా వర్తించదు. పైగా దీనికి విరుద్ధమే వర్తిస్తుంది. కూలరు మన పూర్వులు వాడిన వట్టివేళ్ళ తడకకు, ఖస్ టట్టీకి, యంత్రరూపం. తడిసిన తడకగుండా పొడిగాలి వచ్చినప్పుడు నీరు ఆవిరి అవుతూ గాలిలోని వేడిని గ్రహిస్తుంది. లీటరు నీరు ఆవిరైతే అదే 0.67 యూనిట్ల వేడి పోతుంది. కూలరు పంకాకు, పంపుకు అయ్యే విద్యుత్తు ఏ.సి. ఖర్చులో చిన్న భాగం. అయితే తేమతో నిండిన ఆ గాలి గదిలోనే నిలిచిపోతే రెండవమారు ఆవిరి కావడానికి చోటుండదు. అరగంటలో గది ఉక్కపోత అవుతుంది. కనుక కూలరు గాలి వచ్చే వైపుకు ఎదురుగా ఒక కిటికీయో తలుపో తెరచి ఉంచడం తప్పనిసరి. కూలరును గదిలోపల పెట్టుకొని, తలుపులన్నీ బిగించి, చల్లదనం రావడంలేదని యంత్రాన్ని నిందించేవారు ఎందరో ఉన్నారు. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివే విద్యార్థులు ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. వారికి ఈ ఒక్క విషయం తెలిస్తే ఎండాకాలం సగం గడిచినట్లే. కూలరును కిటికీ వెలుపల, బయటిపొడిగాలి అందేట్లు పెట్టాలి. ఎదుటి వెంటిలేటరు తెరవాలి. ఏప్రిల్, మే నెలలలో మన నగరపు గాలి పొడిగా ఉన్నంతకాలం కూలరు బాగా పనిచేస్తుంది. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడ్డాక దాని ప్రయోజనం తగ్గిపోతుంది. అప్పుడు నీరు ఆపి, వట్టి పంకాగా వాడుకొనడమే మేలు.

పంకా మాత్రమే ఉన్న ఇంటికి మూడవ నియమం. పంకా గాలిని చల్లబరచదు, కదుపుతుంది. మన చెమట ఆరినప్పుడు కలిగేదే ఆ చల్లదనం. అటువంటి ఇంటిలో చూడవలసినది ఒక్కటే: బయట ఎక్కువ వేడిగా ఉన్నదా, లోపలనా? పాత దళసరి గోడల ఇంటిలో మధ్యాహ్నం పదకొండు నుండి సాయంకాలం ఐదారు గంటలవరకు లోపలే చల్లన. కనుక కిటికీలు మూసి, పరదాలు దించి ఉంచాలి. సన్నని గోడల పై అంతస్తు గదిలో సాయంకాలానికి లోపలే ఎక్కువ వేడి. సూర్యుడు వాలగానే తెరచివేయాలి. తెల్లవారుజామున గాలి అత్యంత చల్లగా ఉంటుంది. రంజాన్ మే నెలలో మొదలైన 2018, 2019 సంవత్సరాలలో సహరీకి లేచినవారికి ఇది అనుభవమే. ఆ వేళ కిటికీలన్నీ బార్లా తెరచి, ఎండ ఎక్కకముందే మూసివేసిన ఇల్లు మధ్యాహ్నపు ఉపవాసానికి ఎంతో తోడ్పడుతుంది. రాత్రి చల్లదనాన్ని గోడలలో దాచుకొని పగలు వాడుకొనడమన్నమాట.

మన వాతావరణానికి అలవాటుపడిన శరీరాలు పుస్తకాలలోని ప్రమాణాలకంటె ఎక్కువ వేడిని హాయిగా భరిస్తాయన్నది నిరూపితమైన విషయమే. 2008 ఎండాకాలంలో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో నివసించేవారి అభిప్రాయాలు సేకరించి, గదుల ఉష్ణోగ్రతలు కొలిచి చేసిన అధ్యయనంలో, వారికి వేడీ చలీ కాని స్థితిగా తోచిన ఉష్ణోగ్రత 29 డిగ్రీలకు పైన తేలింది. 26 నుండి 32 డిగ్రీల వరకు వారికి ఇబ్బంది లేదు. అప్పటి జాతీయ భవన నియమావళిలోని 23 నుండి 26 డిగ్రీల ప్రమాణానికి ఇది చాలా ఎడం. 2020 జనవరి నుండి స్టారుగుర్తు గల గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేట్లు నియమం వచ్చింది. మా అభిప్రాయంలో పంకా తోడుగా ఉంటే 27 డిగ్రీలు చాలు. లోపలి ఉష్ణోగ్రతను ఒక్కొక్క డిగ్రీ పెంచినకొద్దీ బయటితో భేదం తగ్గుతుంది. సందులగుండా పోయే నష్టమూ అంతే తగ్గుతుంది.

సందులు ఎక్కడెక్కడ ఉంటాయి? తలుపు అడుగు చెప్పుకున్నాము. రెండవది ఏ.సి. రాగిగొట్టాలకోసం గోడకు పొడిచిన రంధ్రం. బిగించేవారు గొట్టం దూర్చి, దానిచుట్టూ ఖాళీని అట్లాగే వదలి వెళ్ళిపోతారు. బయటినుండి లప్పం పూసి ఉన్నట్లు కనిపించినా లోపల బోలు. తెల్ల సిమెంటుతో కూరి మూయించుకోవాలి. మూడవది గదికి ఆనుకొని ఉన్న స్నానాలగది. గాజుపలకల వెంటిలేటరు, ఎగ్జాస్టు పంకా రంధ్రం అక్కడ శాశ్వతంగా తెరచి ఉంటాయి. వాటిని మూయరాదు, స్నానాలగదికి గాలి అవసరం. పడకగదికీ స్నానాలగదికీ నడుమనున్న తలుపును సరిగా మూసుకుంటే సరిపోతుంది. అన్నిటికంటె చిక్కుపెట్టేవి అల్యూమినియం స్లైడింగు కిటికీలు. రెండు రెక్కలు ఒకదాని పక్కనొకటి జరగాలి కనుక నడుమ ఖాళీ తప్పదు. దానిని మూయడానికి అంచున ఊలువంటి నూగు పట్టీ ఉంటుంది. నాలుగైదేళ్ళలో దుమ్ముపట్టి, నూగు రాలి, అది పనిచేయడం మానుతుంది. కొత్త పట్టీ మార్పించడం చిన్న పనే. ట్రూప్‌బజారులో ఈ సామానంతా దొరుకుతుంది. అయితే అడుగు పట్టాలో చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి వాననీరు బయటికి పోవడానికి. వాటిని సిలికానుతో పూడ్చినవారి గదిలోకి తొలి గాలివానకే నీరు వస్తుంది.

తలుపు అడుగుకు ఖరీదైన పట్టీ లేకపోయినా నష్టం లేదు. పాత చీరనో, గట్టి గుడ్డనో తలుపు వెడల్పున గొట్టంలా కుట్టి, ఇసుకనో రంపపుపొట్టునో నింపి, లోపలివైపున ఆనించి పెట్టుకోవచ్చు. తలుపు తీసినప్పుడల్లా కాలితో జరపవలసి ఉంటుంది, అంతే. స్పాంజి పట్టీలు చౌక, కాని ఎండ తగిలేచోట ఒకటి రెండు వేసవులకే పొడి అయి రాలుతాయి. కిటికీ చట్రానికి రబ్బరు పట్టీయే మన్నుతుంది. వీటివల్ల చల్లదనంతోపాటు మరొక లాభం ఉన్నది. కోఠి చౌరస్తాలో రాత్రి పదిదాకా ఆగని బస్సుల మోత, పొగ, దుమ్ము కూడా తగ్గుతాయి. బిల్లుకంటె దీనికోసమే చాలామంది సందులు మూయించుకుంటారని మా అనుమానం.

ఇక మూయరాని వాటి సంగతి. ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటె ముఖ్యమైన భాగం. ఏ గదిలో నిప్పు ఉంటుందో ఆ గదికి గాలి ఉండి తీరాలి. గ్యాసుతో నీరు కాచే గీజరును తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో వాడినప్పుడు, ప్రాణవాయువు తగ్గి, గ్యాసు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. స్నానానికి వెళ్ళిన మనిషికి తల తిరుగుతుంది, కాళ్ళు పట్టుతప్పుతాయి, గడియ తీయడానికి కూడా శక్తి చాలదు. ఆ యంత్రాన్ని స్నానాలగది వెలుపల, గాలి ఆడే చోట అమర్చడమే సరైన పద్ధతి. ఇప్పటికే లోపల ఉన్నదైతే, చలికాలంలో చలిగాలి వస్తున్నదని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టే అలవాటును వెంటనే మానాలి. జనవరి రాత్రులలో బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు బిగించి పడుకొనడం కూడా ఇటువంటిదే. కుంపటి ఎర్రగా కనిపించినంత మాత్రాన పొగ లేదని భ్రమపడరాదు.

వంటగదికి పైనా క్రిందా గాలిదారి ఉండాలి. పైది పొగకు, ఆవిరికి. క్రిందిది ఎందుకంటే, వంటగ్యాసు గాలికంటె ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. కారితే నేలమీద పరుచుకుంటుంది, పై కిటికీగుండా పోదు. లోబాన్ ధూపం, సాంబ్రాణి, దోమలచుట్ట వాడే గదులను కూడా అవి కాలుతున్నంతసేపు మూయరాదు. ఉబ్బసం ఉన్నవారి ఇండ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

నిప్పు లేని పడకగదికి కూడా ఒక హద్దు ఉన్నది. గోడకు తగిలించే స్ప్లిట్ ఏ.సి. బయటిగాలిని తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు, గదిలోని గాలినే త్రిప్పి త్రిప్పి చల్లబరుస్తుంది. నిద్రించే మనిషి గంటకు సుమారు 13 లీటర్ల బొగ్గుపులుసు వాయువును వదులుతాడు. ముగ్గురు పడుకున్న మన 34 ఘనమీటర్ల గది పూర్తిగా బిగించబడి ఉంటే, గంటకు పదిలక్షలలో 1,100 భాగాలకు పైగా అది పెరుగుతుంది. బయటిగాలిలో మొత్తం ఉన్నది 420 భాగాలే. ప్రాణాపాయం కాకపోయినా, ఉదయం లేవగానే తలబరువు, మందకొడితనం దీనివల్ల కలుగుతాయి. కనుక సందులన్నీ మూసినవారు పడుకునేముందు పదినిమిషాలు కిటికీ తెరచి, నడుమ మెలకువ వచ్చినప్పుడు మరల తలుపు కాసేపు తీయడం మంచిది. రాత్రి బయటి ఉష్ణోగ్రతతో భేదం మూడు డిగ్రీలేనని లెక్కలో చూచాము. దానివల్ల పోయే విద్యుత్తు స్వల్పం.

అసలు లోపం సందులలో లేదని, కిటికీలలో ఉన్నదని మేము అనుకుంటున్నాము. పాత ఇంటి చెక్కరెక్కల కిటికీ తెరిస్తే పూర్తిగా తెరుచుకునేది, మూస్తే పూర్తిగా మూసుకునేది. నేటి స్లైడింగు కిటికీ తెరిస్తే సగమే తెరుచుకుంటుంది, మూస్తే సందు విడుస్తుంది. నివాసగృహాలకోసం 2018లో కేంద్రప్రభుత్వం వెలువరించిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి, హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణపు ఊళ్ళలో, ఇంటి నేలవైశాల్యంలో కనీసం 12.5 శాతం తెరుచుకునే వైశాల్యం ఉండాలంటుంది. ఈ కొలతను మన 120 చదరపుటడుగుల గదికి అన్వయిస్తే 15 చదరపుటడుగులు కావాలి. నాలుగడుగుల చదరపు కిటికీ వైశాల్యం 16, సరిపోయిందనిపిస్తుంది. కాని రెండు రెక్కల స్లైడింగు కిటికీలో తెరుచుకునేది ఎనిమిదే. దోమతెర బిగిస్తే గాలి ఇంకా తగ్గుతుంది. దోమతెర మానలేము, ఈ నగరంలో డెంగీ ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా ఇల్లు కట్టించుకునేవారు, ఫ్లాటు కొనేవారు గచ్చు నునుపును, గోడరంగును చూచేముందు కిటికీ రెక్క ఎటు తెరుచుకుంటుందో చూడాలి. గోడకు జాగా లేదని తయారీదారులు చెప్పే మాట సాకు మాత్రమే.

ఎండ నేరుగా పడే పడమటి కిటికీకి లోపలి పరదాకంటె వెలుపలి వెదురు చిక్ ఎక్కువ మేలు చేస్తుంది. వేడి గాజు దాటి లోపలికి వచ్చాక పరదా దానిని ఆపలేదు. పై అంతస్తువారికి కప్పుమీద తెల్లసున్నం పూయడం సందులు మూయడంకంటె ముందు చేయవలసిన పని. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పులకోసం ఒక విధానాన్నే ప్రకటించింది. ఆ విషయం ప్రత్యేకంగా వ్రాయదగినది కనుక ఇక్కడ విస్తరించడంలేదు.

పని చేయించుకునేవారికి చివరగా ఒక సూచన. కొయ్యతలుపు ఋతువునుబట్టి కదులుతుంది. రోళ్ళు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తెలో కొయ్య ఆరి, కుంచించుకొని, సందులు అత్యధికంగా కనిపిస్తాయి. శ్రావణ భాద్రపదాలలో అదే తలుపు తేమకు ఉబ్బి చట్రానికి పట్టుకుంటుంది. ఎండాకాలంలో సందును చూచి చట్రానికి దళసరి పట్టీ అంటించినవారు వానాకాలంలో తలుపు పడక, వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించుకుంటారు; మరల మే నెలలో సందు రెట్టింపు అవుతుంది. కనుక కొలత మే నెలలోనే తీసుకున్నా, నొక్కితే అణిగే మెత్తని రబ్బరు పట్టీనే ఎన్నుకోవాలి. తలుపు అడుగుకు కుంచెవలె నూగు ఉన్న పట్టీ బిగించేటప్పుడు, నూగు నేలను తాకీతాకనట్లు ఉండాలి. చిత్రిక పట్టించే పని ఏదైనా ఉంటే వానలు తగ్గి, కొయ్య నిలకడకు వచ్చిన కార్తికమాసం దాకా ఆగడం మేలు.